దసరా నూనె తాగిన లెన్స్

మా మేనత్త భర్త, అంటే మా మామ, జన్మలో కోటు తొడగలేదు. మహదేవపూర్ అవతల గోదారి పక్క ఊళ్ళో వరి, మిర్చి వేసుకుని బతికిన మనిషి. పెళ్ళినాటి జుబ్బా తప్ప ఇస్త్రీ బట్ట ఎరగడు. అలాంటి మనిషి చనిపోయి, దినం నాటికి గోడ ఎక్కేసరికి నల్ల కోటు, ఎర్ర టై, వెనక నీలి ఆకాశం, ఆ ఆకాశంలో రెండు తెల్ల పావురాలు. భూపాలపల్లిలో ఎవరో స్టూడియోవాడు ఆధార్ కార్డులోని ముఖం కత్తిరించి, తన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే కోటు మీద అంటించి ఇచ్చాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు కదా. ఈ స్టూడియోవాడు కళ్ళతో ఆగలేదు, భుజాలు కూడా కొత్తవి పెట్టాడు.

ఈ పద్ధతి ఇప్పుడు మా జిల్లాల్లో ఎక్కడ చూసినా ఉంది. జనగామలో ఎవరి దినానికి పోయినా అదే కోటు ఎదురవుతుంది. ముఖాలు మారతాయి, కోటు మారదు. ఆడవాళ్ళకైతే ఒక మెరూన్ రంగు పట్టుచీర ఉంది, దాని మీదికి కాసులపేరు. జీవితమంతా నాట్లకూ కలుపులకూ పోయిన అవ్వలందరూ ఆ ఒక్క చీరలోనే గోడలెక్కి కూర్చుంటున్నారు. వాళ్ళు కట్టిన చీరలో, వాళ్ళ మెడలో ఉన్న నల్లపూసలతో ఎందుకు ఉండకూడదో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. మంచిగుంటది అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉన్నట్టు ఉంటే మంచిగుండదని అన్నట్టే కదా.

కిందటి చలికాలంలో అత్తను చూసి రావడానికి వెళ్ళాను. మామ ఫోటో కింది సగానికి ఆయన పాత కండువా కప్పి ఉంది. ముఖం మాత్రం బయటికి కనిపిస్తోంది. ఏదో దుమ్ము పడకుండా కప్పారనుకున్నాను. అత్త లేచి వెళ్ళి కండువా కొంచెం ఎత్తి, కోటు చూపించి, మళ్ళీ కప్పింది.

“మెడ మీద మీ మామనే బిడ్డా. మెడ కింద ఎవడో” అంది.

దండ వేసినప్పుడల్లా ఎవడో పరాయి మగవాడి భుజాల మీద వేస్తున్నట్టు ఉంటుందట. కొడుకుతో చెబితే నవ్వాడట. అందుకని తనకు తోచిన ఉపాయం తనే చేసుకుంది.

ఆ కొడుకు నాకు బావ. చెడ్డవాడు కాదు. ఆ ఊళ్ళోనే కొత్త ఇల్లు కడుతున్నాడు. ఫాల్గుణంలో గృహప్రవేశం పెట్టుకున్నాడు. హాల్లో అమ్మా నాన్నల ఫోటోలు పక్కపక్కన పెట్టాలని ముచ్చట పడ్డాడు. మంచి ముచ్చటే. నాన్నది ఎట్లాగూ ఉంది కాబట్టి, అమ్మది కూడా అదే స్టూడియోలో చేయించానని ఫోన్ తీసి చూపించాడు. ఏ పెళ్ళిలోనో తీసిన అత్త ముఖం, దాని కింద ఆ మెరూన్ పట్టుచీర. కాసులపేరు సరేసరి. ఆ ఫోటోలోని మనిషి మా ఎదురుగానే గడప పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

నేను ఏదో అనబోయేలోపే అత్త చేట పక్కన పెట్టింది.

“నా పానం ఉండంగనే నాకు ఎవలదో పెయ్యి తగిలిచ్చిండు సూడు. నా బొమ్మ నువ్వు దియ్యి బిడ్డా. మీ బాపు కెమెరతోని దియ్యి. గది రీలుది, అండ్ల ఉన్నదే పడ్తది.”

నా ఫోన్‌తో తీస్తాను, ఒక్క వెంట్రుక కూడా మార్చను అని నచ్చజెప్పాను. నువ్వు మార్చకపోయినా నీ బావ మారుస్తాడు అంది. రీలు ఫోటోను మాత్రం మార్చలేరా అని నేను అడగలేదు. ఆమె లెక్క ఆమెకుంది. కాగితం మీద అచ్చయిన బొమ్మ చేతిలో ఉంటే, గిదే పెట్టమని కొట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది. ఆమెకు కావలసింది గోడ మీద తన పెయ్యితో, తన ఒంటితో తను ఉండటం, అంతే. అది కూడా ఒక మనిషి అడిగి తెచ్చుకోవలసిన పరిస్థితి వచ్చింది. తీస్తానని మాటిచ్చి బస్సెక్కాను.

మాటైతే ఇచ్చాను గానీ కెమెరా నా దగ్గర లేదు. ఆ సంగతి తలచుకుంటే ఇంకో మంట.

మా బాపు జనగామ బస్టాండు దగ్గర చిన్న స్టూడియో నడిపేవాడు. రీలు ఎక్కించడం, ఎండను చూసి అంచనా కట్టడం, చీకటి గదిలో కాగితం మీద ముఖం మెల్లగా తేలేదాకా ఊపిరి బిగబట్టి నిలబడటం, అన్నీ నాకే నేర్పాడు. లెన్స్‌లో చూడమని, లోపల గుండ్రంగా పేర్చి ఉన్న సన్నటి రెక్కలను చూపించేవాడు. ఎండ ఎక్కువగా ఉంటే అవి ముడుచుకుని సందు చిన్నది చేస్తాయి, వెలుతురు తగ్గితే విచ్చుకుంటాయి. మన కంట్లో నల్లగుడ్డు చేసే పనే. అన్నయ్య ఆ స్టూడియోలో ఒక్క పూట కూర్చోలేదు. ఫోటోలు కడిగే హైపో వాసనకు తలనొప్పి అనేవాడు. కానీ బాపు పోయే ముందు కెమెరా అన్నయ్య చేతిలో పెట్టాడు. కొడుకు కదా. మగవాడి పనిముట్టు మగపిల్లాడికే పోవాలని పెద్దలందరూ తలలూపారు. నాకు పని, వాడికి పనిముట్టు. ఇదేం న్యాయమో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు, ఎవరూ అర్థమయ్యేట్టు చెప్పనూ లేదు.

అన్నయ్య ఉద్యోగం మహబూబాబాద్‌లో. ఆదివారం రైలెక్కి వెళ్ళాను. కెమెరా ఎందుకో చెప్పగానే, అత్త కోసమా, తీసుకుపో కానీ దసరాకు మాత్రం తెచ్చివ్వు అన్నాడు. బీరువాలో, పసుపు గుడ్డలో చుట్టి ఉంది. గుడ్డ విప్పాను. ఏటేటా ఆయుధపూజకు పెట్టిన పసుపు కుంకుమలు ఒకదాని మీద ఒకటి పడి అట్టకట్టాయి. అక్షింతల గింజ ఒకటి మీట సందులో ఇరుక్కుని ఉంది. బాపు తన చొక్కా కొసతో కూడా తుడవనిచ్చేవాడు కాదు ఆ గాజును. దాని అంచున కొబ్బరినీళ్ళ మరక.

కంటి దగ్గర పెట్టుకుంటే చీకటి. లెన్స్ చుట్టూ ఉన్న రింగు తిరుగుతోంది, టిక్ టిక్ మంటోంది, లోపల రెక్కలు మాత్రం కదలడం లేదు. చివరిదాకా ముడుచుకుని, మధ్యలో బఠాణీ గింజంత సందు వదిలి, అక్కడే అతుక్కుపోయాయి. ఆ సందులోంచి ఎదురుగా ఉన్న అన్నయ్య ముఖం కూడా పోల్చుకోలేకపోయాను. దీంతో అత్త ముఖం ఎట్లా తీస్తాను? ఇది ఎట్లా పాడైంది అని అడిగితే, అన్నయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“ఏటేట పూజ చేస్తనే ఉన్నం గద చెల్లె. ఎట్ల ఖరాబైతది?”

ఇంత అమాయకమైన జవాబుకు ఏమని తిట్టాలి? వాడితో వాదన పెట్టుకోకుండా కెమెరా సంచిలో వేసుకుని బయటపడ్డాను. స్టేషన్‌కు పోయే దారిలో కెమెరాలూ ఫోన్లూ అమ్మే దుకాణం కనిపిస్తే ఆశ చావక లోపలికి వెళ్ళాను. అతను లెన్స్‌ను అటూ ఇటూ తిప్పి, ఇవి ఇప్పుడెవరూ బాగుచేయరు మేడం, షోకేసులో పెట్టుకుంటే మస్తుగా ఉంటది అన్నాడు. పాత ఫోటోలాగా రావాలంటే యాప్ ఉందట. ఫోన్‌తో తీసిన ఫోటోకు అదే గీతలు పెడుతుంది, మరకలు పెడుతుంది, మూలలు పసుపు రంగు చేస్తుంది. తన ఫోన్‌లో చేసి చూపించాడు కూడా. లేని కోటు తొడిగేవాడు ఒకడు, లేని మరకలు అంటించేవాడు ఇంకొకడు. ఉన్నది ఉన్నట్టు తీసేవాడు ఎక్కడా దొరకడా అని అనుకుంటూ రైలెక్కాను.

నేను జనగామలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. గాజు పలకల మీద రక్తపు చుక్క పల్చగా పరచడం రోజూ చేసే పని కాబట్టి నా చేతులు వణకవు. సన్నటి పట్టకారు, దూది పుల్లలు, స్పిరిట్ అలవాటైన వస్తువులే. గడియారాలకు వాడే చిన్న స్క్రూడ్రైవర్లు కొనుక్కున్నాను. తర్వాతి ఆదివారం అన్నం తిన్నాక, కిటికీ పక్కన బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి కూర్చున్నాను. స్క్రూ కింద పడితే కనబడాలని తెల్లది.

ముందు లెన్స్ మూతి మీద పేరు చెక్కిన రింగు ఊడదీయాలి. దానికి గాడి లేదు, పట్టు దొరకదు. వంటింట్లో సింకు మూసే రబ్బరు బిరడా తెచ్చి, దాని మీద అదిమిపట్టి తిప్పాను. కుంకుమ గట్టిపడి మరలను పట్టేసింది. స్పిరిట్ చుక్కలు వేసి, నానబెట్టి, మళ్ళీ అదిమి తిప్పితే అప్పుడు కదిలింది, ఎర్రటి పొడి రాల్చుకుంటూ. కింద మూడు స్క్రూలు. ముందు గాజు ఎటువైపు ఎట్లా కూర్చుని ఉందో గుర్తు పెట్టుకుని, మెల్లగా పైకి ఎత్తాను.

ఎత్తగానే వాసన వచ్చింది. కుట్టుమిషన్ నూనె.

రెక్కలు నూనెలో తడిసి ఒకదానికొకటి కరుచుకుని ఉన్నాయి. కిటికీ వెలుతురుకు తళతళ మెరుస్తున్నాయి. ప్రపంచంలో ఏ మిషన్‌కైనా నూనె వెయ్యి గానీ ఈ రెక్కలకు మాత్రం వెయ్యకూడదు. ఇవి ఎండుగా ఉంటేనే ఆడతాయి. బాపు ఈ మాట నాకు ఎన్నోసార్లు చెప్పాడు. చెప్పినవాళ్ళకు ఇవ్వలేదు, ఇచ్చినవాళ్ళకు చెప్పలేదు. ఇక కానిదేముంటుంది?

వదినకు కుట్టుమిషన్ ఉంది. అన్నయ్యకు చేతులూరుకోవు. రెండూ కలిపి చూస్తే దోషి ఎవరో తేలిపోయినట్టే అనిపించి, అప్పటికప్పుడు ఫోన్ చేసి కడిగిపారేశాను. బాపు నుంచి తీసుకున్నప్పుడు అడగాల్సింది, లేకపోతే నన్ను అడగాల్సింది, కెమెరా ఏమన్నా బావి గిరకనా నూనె పొయ్యడానికి అని అరిచాను. నేను ఒక్క చుక్క కూడా పొయ్యలేదు, ఒట్టు అన్నాడు అన్నయ్య. అయితే దేవుడు వచ్చి పోశాడా అన్నాను. వెనకనుంచి వదిన ఏదో అనబోయి ఆగిపోయింది. ఆ ఆగిపోవడం కూడా నేను వాడి లెక్కలోనే వేశాను.

కోపంతో చేసే పని కాదిది. మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాను. దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి, పిండి, రెక్కల మీద అద్దినట్టు తుడవాలి. ఒత్తకూడదు. రెక్క ఉల్లిపొరంత పల్చన, ఒకటి వంగిందంటే ఇక ఆ లెన్స్ ఖతమే. తుడిచి, ఆరనిచ్చి, రింగు తిప్పితే కింద దాగిన నూనె మళ్ళీ పైకి ఊరుతుంది. మళ్ళీ తుడవాలి. దూది మొదట నల్లగా వచ్చింది, తర్వాత ఎర్రగా, తర్వాత పసుపుపచ్చగా. ఎన్ని దసరాలో అన్నీ వరుసగా బయటికి వచ్చాయి. రెక్కలు ముందు ఒక పక్క వదులయ్యాయి, ఇంకో పక్క బిగుసుకుని సందు వంకరపోయింది. ఈ లెన్స్ ఇక ఇంతేనేమోనని భయమేసింది. అత్తకు ఏమని చెప్పాలి, ఆ మెరూన్ చీరే కట్టుకో అనా?

కిటికీలో ఎండ గోడ మీదికి పాకేవేళకు దూది తెల్లగా వచ్చింది. రింగు తిప్పి, వెనక ఉన్న చిన్న మీట నొక్కాను. చిటుక్కుమని రెక్కలు ముడుచుకున్నాయి, వదిలితే విచ్చుకున్నాయి. ఒక్కదాన్నే ఇంట్లో కూర్చుని గట్టిగా నవ్వాను. ఆనందం పట్టలేకపోయాను అంటే అబద్ధం కాదు. ఆ వెంటనే, ఈ పని చూడటానికి బాపు లేడని కూడా కోపం వచ్చింది. ఉంటే కెమెరా ఎవరికివ్వాలో మళ్ళీ ఒకసారి ఆలోచించేవాడు.

రీలు తెప్పించుకుని, మాఘమాసం చివర్లో మహదేవపూర్ దాటి అత్త ఊరికి పోయాను. అత్త ఇంటి ముందు కల్లంలో మిర్చి ఆరబోసి ఉంది, వాకిలంతా ఘాటు. బావ పట్టుచీర ఒకటి కొనుక్కొచ్చి పెట్టాడు. అత్త దాన్ని ముట్టుకోలేదు. రోజూ కట్టే నేత చీరలో, భుజం దగ్గర మాసిక వేసిన జాకెట్‌తో, గోడ పక్క ఎండ పడేచోట స్టూలు వేసుకుని కూర్చుంది. కూర్చోగానే కొయ్యబారిపోయింది. చేతులు మోకాళ్ళ మీద, కళ్ళు పెద్దవి చేసి, పెదవులు బిగించి, అచ్చం ఆధార్ కార్డులోని ముఖం. నవ్వే అమ్మా అని బావ పక్కనుంచి అంటుంటే ఇంకా బిగుసుకుంది. నేను తీస్తూనే ఉన్నాను, రీలు అయిపోతూనే ఉంది. ఆ ముఖం ఏ స్టూడియోవాడు కత్తిరించి ఏ ఒంటికి అంటించినా తేడా తెలియదు.

మాటల్లో పెడితే సడలుతుందని, కెమెరా కంటి దగ్గరే ఉంచుకుని, నా కష్టం వెళ్ళబోసుకోవడం మొదలుపెట్టాను. అన్నయ్య దీని గొంతులో నూనె పోసి చంపాడని, నేను ఎట్లా బతికించానో చెప్పుకొచ్చాను. వాడికి బుద్ధి లేదని, వాడి చేతికి ఇవ్వడమే తప్పని అన్నాను.

“వాన్నెందుకు తిడ్తవు? నూనె నేను వోసిన” అంది అత్త.

నాకు వెంటనే అర్థం కాలేదు. ప్రతి దసరాకూ పుట్టింటి పండుగ అని అన్నయ్య ఇంటికి వెళ్తుంది. పూజ దగ్గర కూర్చునేది ఆమే. వదిన కుట్టుమిషన్ దగ్గరున్న నూనెబుడ్డి తనే తెచ్చి, లెన్స్ మెడ చుట్టూ రెండు చుక్కలు వేసి, రింగు తిప్పి, బొట్టు పెట్టేదట. వదిన ఫోన్‌లో అనబోయి మింగినది ఇదన్నమాట. అత్త మీది కోపం దుత్త మీద తీశారంటారే, ఆ పని నేను ఫోన్‌లో నిజంగానే చేశాను.

కానీ కోపం మాత్రం తగ్గలేదు, మనిషి మారింది అంతే. ఎవరు పొయ్యమన్నారు అత్తా, ఒక్క మాట నన్ను అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా, నీ బొమ్మ నీకు లేకుండా నువ్వే చేసుకోబోయావు కదా అన్నాను. నా గొంతు పెద్దదైంది. అత్త స్టూలు మీద నుంచి లేచింది.

“ఏమంటున్నవే? కొడవలికి వోస్త, బోరు మోటరుకు వోస్త, మిషన్‌కు వోస్త. నా తమ్ముడు కూడు దిన్న పనిముట్టును తుప్పు వట్టనిస్తనా? వాడైతే పాయె. వాని చెయ్యి ఆడిన వస్తువన్న ఆడాలె గదా.”

చెయ్యి నా ముఖం మీదికి చూపిస్తూ అంటోంది. కొంగు నడుముకు చెక్కుకుని ఉంది. మాసిక వేసిన భుజం ముందుకు వచ్చింది. వెనక మిర్చి కుప్ప. నేను నొక్కాను. చిటుక్కుమన్న చప్పుడు ఆ కేకల మధ్య కూడా నాకు వినబడింది. నాకు కోపంతో పాటు ఏడుపు వచ్చింది, ఏడుపు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. రెక్కలకు నూనె పడదు అత్తా, ఎండుగా ఉంటేనే ఆడతాయి అని చెప్పాను. నూనె లేకుండా ఆడే ఇనుము ఎక్కడన్నా ఉంటుందా అని ఆమె నమ్మలేదు. ఇప్పటికీ నమ్మలేదు.

రీలు హైదరాబాదు పంపి కడిగించి, ఫోటోలు తీసుకుని గృహప్రవేశానికి ముందురోజు వెళ్ళాను. మధ్యలో అన్నయ్య ఫోన్ చేసి, నేను కాదని తేలింది కదా, కెమెరా తెచ్చివ్వు అన్నాడు. నూనె సంగతి వేరు, కెమెరా సంగతి వేరు, దసరాకు మీరే జనగామ రండి అన్నాను. దాని మీద మా పంచాయితీ నడుస్తూనే ఉంది.

కొత్త ఇంట్లో సున్నం వాసన. హాలు గోడకు మామ ఫోటో అప్పటికే ఎక్కింది, మెడ దాకా కండువాతో సహా. ఆ ఒక్క విషయంలో అత్త గెలిచినట్టుంది. పక్కన ఖాళీ మేకు. బావ ఫోటోలన్నీ కింద నేల బండల మీద పరిచి, కొయ్యబారిన వాటిలో ఒకటి ఎంచుకున్నాడు. అత్త అన్నీ తోసేసి, అడుగున ఉన్న దాన్ని బయటికి లాగింది. నోరు తెరిచి, చెయ్యి చాచి, కనుబొమలు ముడిచి నన్ను తిడుతున్నప్పుడు పడిన బొమ్మ అది.

బావకు మతిపోయింది. నోరు తెరిచి ఉంది, మాసిక కనిపిస్తోంది, జుట్టు రేగింది, వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు అన్నాడు. గిట్ల ఎవలన్న పెట్టుకుంటరానే అమ్మా అని బతిమాలాడు. వెలుతురు సరిగ్గా పడిందని, భుజం మీది కుట్టు కూడా దారం దారంగా కనిపిస్తోందని నేను మనసులో అనుకున్నాను, పైకి అనలేదు. అది నా కొట్లాట కాదు.

అత్త ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టుకుంది. బొమ్మలోని తన ముఖం మీద వేలు పెట్టి, మెడ మీదుగా, మాసిక వేసిన భుజం మీదుగా, చాచిన చెయ్యి చివరిదాకా మెల్లగా దించింది. తర్వాత దాన్ని బావ చేతిలో పెట్టి, ఖాళీ మేకు వైపు చూపించింది.

“గిదే పెట్టు. మెడ కింద గూడ నేనే ఉన్న.”